కుక్కను తేనెటీగ కుడితే వాపుతో పాటు చిగుళ్లు కూడా చూడండి

ఎగిరేది ఏది కనిపించినా కుక్క నోటితో పట్టుకోబోతుంది, కదిలేదైతే మూతి పెట్టి వాసన చూస్తుంది. అందుకే తేనెటీగో కందిరీగో ఎక్కువగా కుట్టేది ముక్కు మీద, పెదవుల మీద, పాదాల మీద. మూతి ఉబ్బి కళ్లు సగం మూసుకుపోయేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్. చాలాసార్లు ఆ వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ప్రాణం మీదకి వచ్చే లక్షణాలు మాత్రం వేరే చోట కనిపిస్తాయి, వాపునే చూస్తూ కూర్చుంటే అవి తప్పిపోతాయి.

ముందు కుక్కని అక్కణ్ణుంచి దూరంగా తీసుకెళ్లండి, ఎందుకంటే తేనెటీగ కుట్టిన చోట వదిలే వాసనకి మిగతా ఈగలు కూడా వచ్చి పడతాయి. తర్వాత ముల్లు వెతకండి. దానికి వెనక్కి తిరిగిన పళ్లుంటాయి కాబట్టి చర్మంలోనే దిగబడిపోతుంది, దానితో పాటు తెగి వచ్చిన విషపు సంచి ఈగ వెళ్లిపోయాక కూడా విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోటితో గీకాలా, పట్టకారుతో లాగాలా అని ఆలోచిస్తూ ఆగొద్దు. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో (అది మనుషుల మీద చేసింది) ఎలా తీసినా తేడా రాలేదు, ఆలస్యం చేస్తేనే వాపు పెరిగింది. కందిరీగైతే మామూలుగా ముల్లు వదలదు, అది మళ్లీ మళ్లీ కుట్టగలదు. తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు ఓ పది నిమిషాలు పెట్టండి, జాగ్రత్తగా, నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవచ్చు.

ఇక అసలు విషయం. తీవ్రమైన అలర్జీ అనగానే మనకి దద్దుర్లు, ఊపిరాడకపోవడం గుర్తొస్తాయి. కుక్కల్లో దెబ్బ ఎక్కువగా పడేది కాలేయం మీద, పేగుల మీద. అలర్జీలో ఒంట్లో ఒక్కసారిగా విడుదలైన హిస్టమిన్ అనే రసాయనం వల్ల కాలేయం నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాలు బిగుసుకుపోతాయి, రక్తం వెనకే నిలిచిపోతుంది, గుండెకి సరిపడా చేరక బీపీ పడిపోతుంది. అందుకే ముఖం మీద ఏ వాపూ లేకుండానే వాంతులు, విరేచనాలు (కొన్నిసార్లు రక్తంతో), నీరసం, ఉన్నట్టుండి కూలబడిపోవడం. పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకి కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. పాలిపోయి ఉన్నా, వాంతులు మొదలైనా, ఊపిరి శబ్దంతో వస్తున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, అక్కడ ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్, సెలైన్‌లకి ఇంట్లో ప్రత్యామ్నాయం లేదు. ఈ తీవ్రమైన అలర్జీ చాలావరకు మొదటి అరగంటలోనే బయటపడుతుంది, అయినా ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండండి.

మన మందుల డబ్బా మాత్రం తెరవొద్దు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకి హాని చేస్తాయి. కొన్ని అలర్జీ మాత్రల్లో జలుబు మందు కూడా కలిసి ఉంటుంది, కొన్ని సిరప్‌లలో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటుంది, రెండూ కుక్కకి ప్రమాదమే. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది దాని బరువు చెప్పి డాక్టర్ని అడగాల్సిందే.

గుంపుగా కుడితే అలర్జీ లేకపోయినా విషమే ఎక్కువైపోతుంది, ఎర్ర రక్తకణాలు పగిలి, కండరాలు దెబ్బతిని, ఆ భారమంతా కిడ్నీల మీద పడుతుంది. అలాంటి కుక్క హుషారుగా కనిపించినా ఆ రోజే చూపించండి, తర్వాత రెండు మూడు రోజులు మూత్రం రంగు గమనించండి, ముదురు గోధుమ రంగులోకి మారితే మళ్లీ తీసుకెళ్లాలి.