కాఫీ తాగితే పరుగుపందెం గెలుస్తామా?

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య దీవెనలు.

"తాతయ్యా, పందెం ముందు కాఫీ తాగితే స్పీడు పెరుగుతుందట, నిజమేనా?" అని అడిగాడు చిన్నూ. వచ్చే వారం స్పోర్ట్స్ డే పెట్టుకుని అడిగాడంటే ఊరికే అడగలేదని నాకూ తెలుసులే. నిజమే, కొంతవరకు.

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసేవాళ్ళను చూశారుగా? మన మెదడులోనూ అలాంటి సీట్లున్నాయి. మెలకువగా ఉన్నకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది ఆ సీట్లలో కూర్చుంటే మనకు బడలిక, నిద్ర. కాఫీలోని కెఫీన్ చూడటానికి అడినోసిన్‌కు చుట్టంలా ఉంటుంది. ముందే వెళ్ళి చాలా సీట్ల మీద కర్చీఫ్ వేసేస్తుంది. కర్చీఫ్ తను కూర్చోదు, ఇంకొకర్ని కూర్చోనివ్వదు. పాపం అడినోసిన్‌కు నిలబడే ప్రయాణం. ఎక్కేవాళ్ళు మాత్రం ఎక్కుతూనే ఉంటారు. కొన్ని గంటలకు కర్చీఫులు ఎగిరిపోతాయి. అప్పుడు చూడాలి, నిలబడ్డవాళ్ళంతా ఎలా కూలబడతారో!

కర్చీఫ్ వేసినంత మాత్రాన ఇంజనుకు బలం రాదు కదా. పాలూ చక్కెరా లేని కాఫీలో శక్తి దాదాపు సున్నా. పడే కష్టం తక్కువగా అనిపిస్తుంది, అందుకని ఇంకాస్త గట్టిగా పరిగెడతాం. దూరపు పరుగుల్లో, సైకిల్ పందేల్లో పెద్దవాళ్ళకు సుమారు 2 నుంచి 4 శాతం మేలు కనిపించింది. 10 నిమిషాల పరుగులో 2 శాతమంటే 12 సెకన్లు. దానికి వాళ్ళు గంట ముందు, కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుంటారు. 9కి పెంచినా అదనంగా ఒరిగేదేమీ లేదు, గుండెదడ తప్ప.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో అలెక్స్ వాట్సన్ అనే ఆస్ట్రేలియా ఆటగాణ్ణి, ఒంట్లో కెఫీన్ హద్దు మించిందని పోటీ నుంచి తీసేశారు. 2004 నుంచి ఆ నిషేధం లేదు, ఓ కన్నేసి మాత్రం ఉంచుతున్నారు.

నా చిన్నప్పుడు మా క్లాసులో ఒకడు ఇలాగే ఎవరో చెప్పారని చిక్కటి కాఫీ గటగటా తాగొచ్చాడు. చొక్కాకు నంబరు చీటీ పెట్టుకుందామంటే వేళ్ళు వణికి పిన్నీసు గుచ్చుకోవడం లేదు. చివరికి నేనే పెట్టాను. ఈల ఊదకముందే పరుగు తీశాడు. డ్రిల్లు మాస్టారు చెవి పట్టుకుని వెనక్కి తెచ్చారు. వాడి మొహం నాకిప్పటికీ గుర్తే. పిల్లల ఒళ్ళు చిన్నది, పెద్దవాళ్ళ లెక్క దానికి పనికిరాదు.

పైగా ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5కి తాగితే రాత్రి 10కి సగం కర్చీఫులు సీట్ల మీదే! నిద్ర పోగొట్టుకుని పొద్దున పందేనికి వెళ్ళడం ఏం తెలివి? ముందు రాత్రి తొందరగా పడుకోండి, అంతే.

ఎనర్జీ డ్రింకులు పిల్లలకు వద్దే వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. ఈసారి ఎక్కడైనా ఆ డబ్బా కనిపిస్తే తాగకండి, తిప్పి చిన్న అక్షరాలు చదవండి. 100 మిల్లీలీటర్లకు కెఫీన్ ఎంతో రాసి ఉంటుంది. డబ్బా మొత్తానికి గుణించి, మీ బరువుతో భాగించి, కిలోకు ఎంత పడిందో నాకు రాయండి. భాగహారం బుజ్జి చేయాలి, చిన్నూ చెప్పకూడదు.

మీ
తాతయ్య