సొంత పాటల బతుకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండల గిటార్ సంచి కనిపిస్తే చాలు, ప్రతి ఒక్కరూ సలహా చెప్తరు. ఎక్కువసార్లు విన్నవి ఇవి.

అపోహ: పైకి రావాలంటే దోస్తులను వదులుకోవాలె.

వాస్తవం: హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. "పాట మేం తీసుకుంటం, నువ్వొక్కనివే సంతకం పెట్టు, డప్పు ఇక్కడ కొట్టించుకుంటం" అన్నడు. పల్లవి నాదే. చరణం బాణీ మాత్రం కాజీపేట ప్లాట్‌ఫారం మీద, లేటైన పాసింజర్ కోసం కూసున్నప్పుడు, మా డప్పు దోస్తు టిఫిన్ డబ్బా మీద వేళ్లతో దరువేసుకుంట తీసింది. ఇద్దరూ కలిసి కట్టిన బాణీని ఒక్కడే మొత్తం రాసిస్తే చెల్లదు. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే వారం రోజులు నిద్ర పట్టలే. వాడేమో "పోరా, నువ్వన్న బాగుపడు" అన్నడు. తిట్టినా బాగుండు.

అపోహ: దోస్తుల మధ్య కాగితాలేంది?

వాస్తవం: కాగితం లేకనే దోస్తానా చెడేది. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత అన్నది పాట అయిన రోజే రాసుకోవాలె. మేం 60, 40 అని నోట్‌బుక్ పేజీల రాసి, సంతకాలు పెట్టి, ఫోన్ల ఫొటో తీసుకున్నం. డప్పు కాపుకునే మంట పక్కన రాసినం కాబట్టి ఒక మూల కమిలింది. అంకెలు కనిపిస్తున్నయి, చాలు.

అపోహ: రిజిస్టర్ చేయకపోతే పాట మనది కాదు.

వాస్తవం: మనదే. రిజిస్ట్రేషన్ తగాదా వస్తే సాక్ష్యంగా పనికొస్తది, అంతే.

అపోహ: సంతకం పెడితే జన్మంతా పోయినట్టే.

వాస్తవం: ఎంతకాలమో రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్లనే అనుకుంటది, ఎక్కడిదాకో రాయకపోతే మన దేశం వరకే. కానీ "శాశ్వతంగా" అని ఉంటే ఆ 5 ఏళ్ల లెక్క రాదు. ఒప్పందంల ముందు ఆ పదం కోసమే వెతకండి. హక్కులు రాసిచ్చినా రాయల్టీల సమాన వాటా మాత్రం రచయిత, స్వరకర్త వదులుకునే వీల్లేకుండా ఆ చట్టానికి 2012ల వచ్చిన సవరణ కాపాడుతది. ఈ సంగతి చెప్తే ఫోన్ చేసినాయన గొంతు మారింది.

అపోహ: వ్యూస్ వస్తే పైసలే పైసలు.

వాస్తవం: యూట్యూబ్‌ల ప్రకటనల వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల వీక్షణ కావాలె. ఆ గంటలు లేదంటే 90 రోజులల్ల కోటి షార్ట్స్ వ్యూస్. స్పాటిఫైల ఏడాదికి 1,000 స్ట్రీములు దాటని పాటకు పైసా రాదు. మా ఇంటి కిరాయి ఇప్పటికీ బరాత్‌లే కడుతున్నయి.

ఆ పాట ఇద్దరి పేర్ల మీదనే పెట్టినం. 1,000 స్ట్రీములకు ఇంకా 212 తక్కువున్నయి. పొద్దున లేవంగనే వాడు లెక్క చూసి నాకు మెసేజ్ పెడుతడు.