గ్లెండలాఖ్ శిథిలాలు: కెవిన్ పేరు, కెవిన్ కాలం

ఐర్లండ్‌లోని విక్లో కొండల మధ్య ఉన్న గ్లెండలాఖ్ లోయను యాత్రికులకు చూపించడం నా వృత్తి. "ఇదంతా సెయింట్ కెవిన్ కట్టించిందేనా?" అని ఎవరో ఒకరు అడగని రోజు లేదు. డబ్లిన్‌కు రక్షకులుగా భావించే పునీతుల్లో ఒకరైన కెవిన్ ఆరో శతాబ్దంలో ఇక్కడ క్రైస్తవ మఠం స్థాపించాడని, 618లో కన్నుమూశాడని సంప్రదాయం చెబుతుంది. ఆనాటి తొలి కట్టడాలు కలపవి కాబట్టి మిగల్లేదు. నేడు నిలిచి ఉన్నవి చాలావరకు 10-12 శతాబ్దాల నాటి రాతి పనులు.

ఎక్కువగా వినిపించే అపోహ గుండ్రని గోపురం గురించి. సుమారు 30 మీటర్ల ఎత్తున్న ఈ గోపురానికి వాకిలి నేల నుంచి మూడున్నర మీటర్ల పైన ఉండటంతో, సముద్రం దాటి దోచుకోవడానికి వైకింగులు వచ్చినప్పుడు సన్యాసులు నిచ్చెన ఎక్కి, దాన్ని లోపలికి లాక్కుని దాక్కునేవారని చెబుతారు. కథ బాగుంది. కానీ ఐరిష్ భాషలో ఇలాంటి గోపురాలకున్న పేరుకు అర్థం గంట ఇల్లు. వాకిలిని పైన పెట్టడం వల్ల గోడ అడుగు భాగం బలహీనపడదు. పైగా లోపలి అంతస్తులన్నీ కలపవి కనుక, కింద నిప్పు పెడితే గోపురం పొగగొట్టమే అవుతుంది. డబ్లిన్ వైకింగులు స్లేన్ అనే ఊరి గంటగోపురాన్ని పవిత్ర అవశేషాలతో, లోపలి మనుషులతో సహా తగలబెట్టారని మధ్యయుగపు ఐరిష్ చరిత్ర గ్రంథమైన అల్‌స్టర్ వార్షిక వృత్తాంతం 950వ సంవత్సరం కింద నమోదు చేసింది. ఆపదలో ఎవరూ అందులోకి పరుగెత్తలేదని నేను అనను. దాన్ని అందుకోసమే కట్టారనడాన్ని మాత్రం ఒప్పుకోను.

"కెవిన్ వంటగది"లో పొయ్యి ఎక్కడని పిల్లలు వెతుకుతారు. అది రాతి కప్పున్న చర్చి. కప్పు మీది చిన్న గంటగోపురం అచ్చం పొగగొట్టంలా కనిపించడంతో ఆ పేరు వచ్చింది. ఎగువ సరస్సు అంచున కొండరాతిలో తొలిచిన "కెవిన్ పడక" కాంస్యయుగపు సమాధి అయి ఉంటుందని పురావస్తు పండితులు భావిస్తారు. అంటే వంటగది ఆయన తర్వాతది, పడక బహుశా ఆయనకు ఎంతో ముందుది.

తనను మోహించి వెంటబడిన కాథలీన్‌ను కెవిన్ ఆ పడక దగ్గరి నుంచే సరస్సులోకి తోసేశాడన్న కథ జనం నోట ఇప్పటికీ నలుగుతోంది. పాత లాటిన్ జీవితగాథలో హత్య లేదు: ఆయన ఆమెను దురదగొండి లాంటి ఆకులతో కొట్టాడని, ఆమె క్షమాపణ కోరి దైవసేవకు అంకితమైందని ఉంది. అది చెప్పాక కూడా మా యాత్రికులు నీళ్లలోకి తొంగి చూస్తూనే ఉంటారు.