దంతం నడిచొచ్చిన దారి

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఐవరీటన్ అనే చిన్న ఊరుంది. అంటే దంతం ఊరు. పక్కనే డీప్ రివర్. 19వ శతాబ్దం రెండో సగం నుంచి ఈ రెండు ఊళ్లు బతికింది పియానో మెట్ల మీదే. ఏనుగు దంతాన్ని పల్చటి రేకులుగా కోసేవారు. అవి తెల్లబడాలంటే ఎండ తగలాలి. అందుకోసం అద్దాల పైకప్పులతో పొడవాటి షెడ్లు కట్టి, మనం డాబా మీద అప్పడాలు ఎండబెట్టినట్టు, వాటిలో ఈ రేకులు పరిచి వారాల తరబడి ఉంచేవారు. ఆ తర్వాత ఒక్కో తెల్ల మెట్టు మీద రెండు ముక్కలు అతికిస్తే పని పూర్తయినట్టే. 1909 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో 3 లక్షలకు పైగా పియానోలు తయారయ్యాయి. మధ్యతరగతి ఇంటి ముందుగదిలో పియానో ఉంటే అదో హోదా.

ఆ దంతంలో చాలా భాగం తూర్పు ఆఫ్రికా తీరంలోని జంజిబార్ దీవి మీదుగా వచ్చింది. పశ్చిమ ఆఫ్రికా దంతం గట్టిది. తూర్పుది మెత్తగా ఉండి, కోస్తే పగలదు. దువ్వెనలకైనా పియానో మెట్లకైనా అదే కావాలి.

పియానో కంటే ముందు చేతి గాజు ఉంది. 19వ శతాబ్దం మొదట్లో తూర్పు ఆఫ్రికా దంతానికి పెద్ద గిరాకీ మన దేశంలోనే ఉండేది. గుజరాత్, కచ్, రాజస్థాన్ ప్రాంతాల్లో పెళ్లికూతురికి దంతపు గాజులు తొడగడం ఆచారం. భర్త పోతే ఆ గాజులు పగలగొట్టాల్సిందే. కూతురికి తల్లి గాజులు పనికిరావు, కొత్తవి కొనాలి. ఇలా ఒక ఆచారమే తరానికో కొత్త గిరాకీ పుట్టించింది. సరుకు ముందు బొంబాయి చేరేది, అక్కడి నుంచి కొంత లండన్‌కు వెళ్లేది. జంజిబార్ రేవులో సుంకం వసూలు చేసే హక్కు దశాబ్దాల పాటు కచ్‌కు చెందిన జైరామ్ శివ్‌జీ సంస్థ చేతిలో ఉంది. లోతట్టు ప్రాంతాలకు వెళ్లే బిడారులకు అప్పులిచ్చిందీ గుజరాతీ వ్యాపారులే. దంతం వ్యాపారం అనగానే అరబ్బులు, తెల్లవాళ్లు అంటూ లెక్క తేల్చేస్తాం గానీ, ఆ లెక్కల పుస్తకాల్లో చాలా భాగం మనవాళ్లు రాసినవే.

మన తెలుగు నేలకూ కొంత వాటా ఉంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు కంపెనీ దొరల కోసం దంతం పొదిగిన కుర్చీలు, మేజాలు, పెట్టెలు చేసిచ్చేవారు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక అసలు దారి సంగతి. తీరంలోని బాగమోయో నుంచి టాంగన్యికా సరస్సు ఒడ్డునున్న ఉజీజీ వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. ఆ దారిలో ఎద్దుబండి నడవదు, గుర్రం బతకదు. త్సేత్సే ఈగ కుట్టిందంటే పశువు రోగంతో చస్తుంది. అందుకే బరువంతా మనిషి భుజం మీదకొచ్చింది. తూకానికి ఫ్రాసిలా కొలత వాడేవారు, ఒక్కటి సుమారు 16 కిలోలు. మనిషికి రెండు ఫ్రాసిలాలు, అంటే ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువే. దాన్ని మోస్తూ నెలల తరబడి నడవాలి. దంతం మరీ పెద్దదైతే కర్రకు కట్టి ఇద్దరు మోసేవారు. లోపలికి వెళ్లేటప్పుడూ ఖాళీ చేతులు కావు: గుడ్డ తానులు, పూసలు, ఇత్తడి తీగ, తుపాకులు. అమెరికా మిల్లుల్లో నేసిన ముతక గుడ్డకు అక్కడ ‘మెరికాని’ అని పేరే పడిపోయింది.

ఇక్కడో మాట చెప్పాలి. బానిసలు గొలుసులతో దంతాలు మోసుకొస్తున్న బొమ్మ మనం పుస్తకాల్లో చాలాసార్లు చూసి ఉంటాం. అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. మోసినవాళ్లలో చాలామంది న్యామ్వేజీ తెగకు చెందిన కూలీలు. పగాజీలు అంటారు. కూలి బేరమాడి, నచ్చకపోతే బరువు కింద పడేసి వెళ్లిపోగలిగిన వృత్తి పనివాళ్లు వాళ్లు. బానిసత్వం మరో వైపు నుంచి పెరిగింది. దంతం అమ్మిన డబ్బుతో తుపాకులు వచ్చాయి, తుపాకులతో ఊళ్ల మీద దాడులు జరిగాయి, పట్టుకొచ్చిన మనుషులు జంజిబార్ లవంగ తోటల్లో తేలారు. ఒకే బిడారులో దంతం, బానిసలు కలిసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. టిప్పు టిప్ పేరుతో చరిత్రకెక్కిన దంతం, బానిసల వ్యాపారి హమేద్ బిన్ ముహమ్మద్ కాంగో తూర్పు భాగంలో ఏకంగా ఒక రాజ్యమే నడిపాడు. అతనికి పెట్టుబడి పెట్టినవాళ్లలో తారియా తోపన్ అనే గుజరాతీ వ్యాపారి ముఖ్యుడు. జంజిబార్ బానిసల సంత 1873లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు చర్చి ఉంది.

1887లో అదే టిప్పు టిప్‌ను బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ తన సొంత వలసగా చేసుకున్న కాంగోలో స్టాన్లీ ఫాల్స్ ప్రాంతానికి గవర్నర్‌గా పెట్టుకున్నాడు. బానిస వ్యాపారాన్ని అంతం చేస్తానని ప్రపంచానికి మాటిచ్చిన రాజుగారు! అక్కడ రబ్బరు సేకరణ కోసం జనం మీద జరిగిన ఘోరాలు చాలామందికి తెలుసు. రబ్బరుకు ముందు అక్కడి ప్రధాన ఎగుమతి దంతమే. ఎంత ఎక్కువ సేకరిస్తే ఏజెంట్లకు అంత కమిషన్.

మనకో సామెత ఉంది: ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. యుద్ధానికి, ఊరేగింపుకు, కలప లాగడానికి బతికున్న ఏనుగు కావాలనుకున్న దేశంలో పుట్టిన మాట అది. దంతం బిడారుల దారిలో బతికున్న ఏనుగుకు ఎవరూ ధర కట్టలేదు. దంతంలో మూడో వంతు పుర్రె లోపలే ఉంటుంది. చంపి మొహం చీలిస్తే తప్ప మొత్తం చేతికి రాదు.

బిలియర్డ్స్ బంతుల కథ వింతగా ఉంటుంది. దంతం మధ్యలో సన్నటి నరం దారి ఉంటుంది. అది బంతికి సరిగ్గా నడిమధ్యకు రావాలి, లేకపోతే బంతి వంకరగా దొర్లుతుంది. అంతటి దంతం నుంచి మంచి బంతులు నాలుగైదే వచ్చేవి. ధర భరించలేక న్యూయార్క్ కంపెనీ ఒకటి ప్రత్యామ్నాయం కనిపెట్టినవాళ్లకు 10,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ వేటలో జాన్ వెస్లీ హయత్ చేతికి వచ్చిందే సెల్యులాయిడ్. ప్లాస్టిక్ యుగం మొదలైన తలుపుల్లో ఇదొకటి.

పియానోలకూ చివరికి ప్లాస్టిక్కే వచ్చింది, కానీ దంతం మోజు చావలేదు. హాంకాంగ్ చెక్కడాలు, జపాన్‌లో సంతకం బదులు వాడే ముద్రలు దాన్ని నిలబెట్టాయి. 1973లో కెన్యాలో సుమారు 1,67,000 ఏనుగులుంటే 1989 నాటికి 16,000 మిగిలాయి. ఆ ఏడాది జులైలో అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతాలకు నిప్పంటించాడు. దంతం కట్టెలా అంటుకోదు. 2016లో నైరోబీలో 105 టన్నులు కాల్చినప్పుడు వేల లీటర్ల ఇంధనం పోయాల్సి వచ్చింది. ఆఫ్రికా దంతం అంతర్జాతీయ వ్యాపారంపై 1989లోనే నిషేధం పడింది. మన దేశంలో స్వదేశీ దంతం అమ్మకాన్ని 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని 1991లో ఆపారు. చైనా మాత్రం 2017 చివరిదాకా తన దుకాణాలు మూయలేదు. ఈలోగా 2009 నుంచి 2014 మధ్య ఒక్క టాంజానియాలోనే ఏనుగులు 1,09,000 నుంచి 43,000కు పడిపోయాయి.

నిషేధం అందరికీ నచ్చిందనుకోవద్దు. లక్షకు పైగా ఏనుగులున్న బోట్స్వానాలో చేను పోగొట్టుకున్న రైతు, ప్రభుత్వ గోదాములో దంతాలు పెట్టుకుని మాకు పరిహారం ఎందుకివ్వరని అడుగుతాడు. పలమనేరు, కుప్పం రైతులకు ఆ కడుపుమంట ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అయితే 2008లో అంతర్జాతీయ అనుమతితో ఒక్కసారి చైనా, జపాన్‌లకు 100 టన్నులకు పైగా అమ్మాక దొంగ దంతం కూడా ఆ చట్టబద్ధ సరుకు చాటున తిరిగిందనేది చాలామంది పరిశోధకుల మాట. నాకూ అదే నిజమనిపిస్తుంది.

పోయేది తలల లెక్కే కాదు. వేటగాడు ముందు గురిపెట్టేది పెద్ద దంతాలకు, అంటే పెద్ద వయసు ఏనుగులకు. 1993లో టాంజానియాలోని తరంగిరే పార్కులో ఘోరమైన కరువొచ్చింది. ముసలి ఆడ ఏనుగు పెద్దరికంలో ఉన్న మందలు పార్కు దాటి బయటికి వెళ్లిపోయి పిల్లల్ని ఎక్కువగా కాపాడుకున్నాయి. వయసు తక్కువ పెద్దలున్న మంద అక్కడే ఉండిపోయి ఎక్కువ పిల్లల్ని పోగొట్టుకుంది. వెనకటి కరువు చూసినవాళ్లు ఆ మందలో లేరు.

మొజాంబిక్‌లో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం సాగింది. అక్కడి గోరొంగోసా నేషనల్ పార్కులో రెండు వైపుల సైనికులూ దంతాల కోసం, మాంసం కోసం ఏనుగుల్ని కాల్చారు. 2,500కు పైగా ఉన్నవి 250 లోపుకు వచ్చాయి. దంతాలు లేకుండా పుట్టిన ఆడ ఏనుగుల్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి అవి ఎక్కువగా బతికాయి. యుద్ధానికి ముందు ఆడవాటిలో అలాంటివి 18 శాతం, తర్వాత సగం. ఈ లక్షణం తల్లి నుంచి పిల్లకు వెళ్తుంది. అదే జన్యువు మగపిల్లకు వస్తే కడుపులోనే పోతుందని 2021లో తేల్చారు. దంతం ఏనుగుకు అలంకారం కాదు. నేల తవ్వి నీళ్లు తీసుకోవడానికి, చెట్టు బెరడు ఒలుచుకోవడానికి అదే దాని గునపం. తుపాకులు ఆగిపోయాక గోరొంగోసాలో పుట్టిన ఆడ ఏనుగుల్లో ఇప్పటికీ మూడింట ఒకటికి ఆ గునపం లేదు.