కాస్తు కాలమ్ పోయాక: కౌలు రైతు కుంగుబాటు వెనుక రెండేళ్ల చరిత్ర

కౌలు రైతుల ఆత్మహత్యలు మళ్లీ చర్చకు వచ్చాయి. ఎప్పటిలాగే రెండు వాదనలు వినిపిస్తున్నాయి. ఊరూరా కౌన్సెలింగ్ పెట్టాలని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానసిక వైద్యం అందాలని ఒక వాదన. సాగు చేసేవాడిని రైతుగా గుర్తించనంత కాలం ఏ కౌన్సెలింగూ పనిచేయదని రెండో వాదన. 1997-98 నాటి వరంగల్ పత్తి రైతుల మరణాలు, 2004 ఎన్నికలు, రుణమాఫీలు అందరికీ తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2017 సెప్టెంబరు నుంచి 2019 చివరిదాకా జరిగింది చూడాలి. వ్యవసాయానికి ఇచ్చే సాయమంతా భూమి యాజమాన్య కాగితానికి ముడిపడింది ఆ రెండేళ్లలోనే.

అంతకుముందు ఊరి భూమి రికార్డయిన పహాణీలో పట్టాదారు పేరుకు ఒక గడి, సాగు చేస్తున్నవారి పేరుకు ఇంకో గడి ఉండేవి. రెండోదాన్నే తెలంగాణ పల్లెల్లో కాస్తు కాలమ్ అంటారు, ఆఫీసు భాషలో అనుభవదారు కాలమ్. వీఆర్వోలు అందులో కౌలుదారు పేరు రాసింది తక్కువే. అయినా రాయడానికంటూ ఒక గడి ఉండేది, రాయమని తహసీల్దారును అడగడానికి ఆధారం ఉండేది. 2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. కొత్త పాస్‌పుస్తకాలు వచ్చేసరికి ఆ కాలమ్ లేదు. 2020 అక్టోబరులో వచ్చిన ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ధరణి కూడా దాని ఊసు లేకుండానే నడిచింది.

2018 మేలో పెట్టుబడి సాయంగా రైతుబంధు వచ్చింది. ఎకరానికి సీజనుకు 4 వేల రూపాయలు, పట్టాదారుకే. అదే ఏడాది ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీ ఖాతాలో ఎల్‌ఐసీ ద్వారా 5 లక్షలు, పది రోజుల్లోపు వేయాలన్నది లక్ష్యం. పథకంగా ఇది మంచిదే. చావుకు కారణం అడగదు, అప్పు పత్రాలు అడగదు, పోలీసు స్టేషను చుట్టూ తిప్పదు. పక్క పొలంలో కౌలుకు దున్నేవాడి కుటుంబానికి మాత్రం ఇందులో చోటు లేదు. ఆ కుటుంబానికి మిగిలింది పాత పద్ధతి ఒక్కటే. అది ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలి.

2004 జూన్ 1న ఉమ్మడి రాష్ట్రంలో జీవో 421 వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర: లక్ష పునరావాసానికి, 50 వేలు అప్పుల వన్‌టైమ్ సెటిల్‌మెంటుకు. తెలంగాణ 2015లో దాన్ని 6 లక్షలు చేసింది, ఆంధ్రప్రదేశ్ 2019లో 7 లక్షలకు పెంచింది. అర్హత తేల్చేది త్రిసభ్య కమిటీ: ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు. ఫైల్లో ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఫోరెన్సిక్ ల్యాబు నివేదిక, భూమి పత్రం, బ్యాంకు అప్పుల వివరం, ప్రైవేటు అప్పుల నోట్లు ఉండాలి.

కౌలు కుటుంబం ఫైలు ఎక్కడ ఆగుతుందో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. మొదటిది ఎఫ్ఐఆర్. ఇంట్లో అందరూ షాకులో ఉన్న రోజు, ఎవరో చెప్పిన మాట విని కానిస్టేబులు ‘కడుపునొప్పి భరించలేక’ అనో ‘కుటుంబ కలహాలు’ అనో రాస్తాడు. అప్పు మాట, కౌలు మాట ఆ కాగితంలో లేకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా కమిటీ వినదు. రెండోది భూమి పత్రం. నోటిమాట కౌలుకు పత్రం ఉండదు. యజమానిని అడిగితే తన పేరు ఎక్కడా రావద్దంటాడు. మూడోది అప్పు. ఎరువుల షాపు ఖాతా, షావుకారు చిట్టా సొంతదారుల దగ్గరే ఉంటాయి, నోటు రాసినా అసలు కాగితం వాళ్ల చేతిలోనే. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి అప్పిచ్చినట్టు సంతకం పెట్టడు. ఈలోపు ఫోరెన్సిక్ నివేదిక నెలల తరబడి రాదు. అప్పులవాళ్లు మాత్రం దినకర్మ అయిన మర్నాటి నుంచే వస్తారు.

చనిపోయింది మహిళా రైతయితే ఫైలు అసలు తెరుచుకోదు. భూమి ఆమె పేరున ఉండదు, కౌలు మాట భర్త పేరున ఉంటుంది, పోలీసు కాగితంలో వృత్తి గడిలో ‘గృహిణి’ అని పడుతుంది.

బతికున్నప్పటి ఒత్తిడి కూడా ఈ కాగితం నుంచే పుడుతుంది. అయిదు ఎకరాల పత్తి చేను, ఎకరానికి 15 వేలు ముందస్తు కౌలు అనుకుందాం. విత్తనం కొనకముందే 75 వేలు కావాలి. సాగుదారుగా గుర్తించే కార్డు లేని కౌలుదారుకు బ్యాంకు ఇవ్వదు కాబట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. జూన్ నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలకు వడ్డీ 18 వేలు. అదే సొమ్ము పంట రుణంగా దొరికి సకాలంలో కట్టి ఉంటే, కేంద్రం రాయితీ పోను 4 శాతం వడ్డీకి అదే కాలానికి 2 వేలు అయ్యేది. రైతుబంధు స్థానంలో వచ్చిన ఇప్పటి తెలంగాణ రైతు భరోసా రేటు ప్రకారం ఆ అయిదు ఎకరాలకు సీజనుకు 30 వేలు వస్తాయి, అవి పట్టాదారు ఖాతాలో పడతాయి. వానా ఒకటే, చేనూ ఒకటే, తెగులూ ఒకటే. నష్టమంతా కౌలుదారుది, ఊరటంతా పట్టాదారుది.

2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ కలిసి తెలంగాణలో ఆత్మహత్యలు జరిగిన 692 రైతు కుటుంబాలను సర్వే చేశాయి. వారిలో 75 శాతం కౌలు రైతులే. సాగుదారుల్లో వారి వాటా ఇందులో సగం కూడా ఉండదని అంచనా. మానసిక ఆరోగ్యంలో అసమానత అంటే ఇదే. గుండె ధైర్యం కొందరికి తక్కువుండటం వల్ల వచ్చిన తేడా కాదిది.

ఈ తేడా జాతీయ లెక్కల్లో తేలిగ్గా కనబడదు. 2013 దాకా జాతీయ నేర నమోదు సంస్థ ‘వ్యవసాయంలో స్వయం ఉపాధి’ అని ఒకే పద్దు వాడేది, ఆ ఏడాది సంఖ్య 11,772. 2014లో రైతులను, వ్యవసాయ కూలీలను విడదీసింది. రైతుల సంఖ్య ఒక్కసారిగా 5,650కి పడింది, కూలీల పద్దులో 6,710 చేరింది. ఎవరిని ఎందులో వేయాలో చివరికి తేల్చేది స్టేషనులో రాసుకునేవాళ్లే. పాస్‌పుస్తకం చూపలేని కౌలు రైతు కూలీ పద్దులోకి జారిపోవడానికి అక్కడే దారి పడింది. 2022 నివేదికలోనూ రైతులు 5,207, కూలీలు 6,083.

ఆంధ్రప్రదేశ్‌లో మలుపు ఇంకోలా వచ్చింది. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్ కౌలుదారులను నమోదు చేయాలని గట్టిగా చెప్పింది. ఏడేళ్లకు, 2011లో, ఉమ్మడి రాష్ట్రంలోనే సాగుదారుల లైసెన్సు చట్టం వచ్చింది. కౌలు రైతు గ్రామంలోనే దరఖాస్తు ఇస్తాడు, రెవెన్యూ సిబ్బంది విచారించి రుణ అర్హత కార్డు ఇస్తారు. యజమాని సంతకం అక్కర్లేదు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. కార్డులైతే ఇచ్చారు, బ్యాంకుల దగ్గర కథ ఆగింది. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమికి ఒకే పంట మీద రెండు రుణాలు ఇవ్వలేమని మేనేజరు చెబుతాడు. సాగు చేయనివారికి పంట రుణం ఎందుకిచ్చారని అడిగినవారు లేరు.

ఈ లోపాన్ని సరిచేయాల్సిన చోట 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. 11 నెలల ఒప్పందం, పంట సాగుదారు హక్కు కార్డు (సీసీఆర్సీ). ఒప్పందం మీద యజమాని సంతకం తప్పనిసరి చేసింది. 2011లో అక్కర్లేని సంతకం 2019లో మొత్తానికి తాళంలా మారింది. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. దగ్గరున్నవాడు కూడా ప్రభుత్వ పెట్టుబడి సాయం డబ్బు, బీమా సొమ్ము తన ఖాతాకే రావాలని సంతకం పెట్టడు. అదే ఏడాది పెంచిన 7 లక్షల పరిహారం కౌలు రైతులకూ వర్తించింది, ఆధారంగా అడిగింది సీసీఆర్సీ కార్డునే. బతికుండగా దొరకని సంతకం చనిపోయాక మళ్లీ అడ్డు వచ్చింది. తెలంగాణలో 2011 చట్టం రద్దు కాలేదు, కార్డులు ఇవ్వడం మాత్రం ఆగిపోయింది.

భూయజమానుల వైపు భయం లేకపోలేదు. తెలంగాణ ప్రాంతంలో 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులు వచ్చాయి. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టం ఉంది. పేరు రికార్డుకెక్కితే భూమి పోతుందన్న అనుమానం ఆ రోజుల నుంచి దిగివచ్చింది. రెండు మూడు ఎకరాలే ఉండి, వయసు మీదపడి కౌలుకిచ్చుకునే చిన్న యజమానికి ఆ భయం నిజమైనదే. కానీ ఏడాది గడువుండే సాగు కార్డుకు ఆ పాత చట్టాల హక్కులతో సంబంధం లేదు.

ఇక వైద్యం సంగతి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. పల్లెలో కుంగుబాటు ‘దిగులు’ అని చెప్పుకుంటూ రాదు. నిద్ర పట్టడం లేదని, తల బరువని, ఒళ్లంతా మంటలని, గ్యాసని వస్తుంది. ఆర్‌ఎంపీ సెలైను పెట్టి పంపిస్తాడు. సరైన మందు మొదలుపెట్టినా పని కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కుదుటపడ్డాక కూడా ఆరు నెలలు ఆపకూడదు. అప్పులవాళ్లు అన్నాళ్లు ఆగరు. మందు అవసరమే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ 14416 నంబరు అవసరమే. ఆ నంబరు రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది, ఫీజు లేదు, మనసు బాగోలేని ఎవరైనా చేయవచ్చు. కానీ ఫోన్లో మాట్లాడినంత మాత్రాన షావుకారు బాకీ తీరదు.

రెండూ కలిపి చేస్తే ఎలా ఉంటుందో చూపిన ప్రయత్నం 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైంది. కిసాన్ మిత్ర హెల్ప్‌లైనుకు ఫోను వస్తే ఓదార్చి పెట్టేయరు. సమస్య రాసుకుంటారు, క్షేత్ర సిబ్బంది ఊరికెళ్తారు, పాస్‌పుస్తకమో బ్యాంకు పనో పింఛనో సంబంధిత ఆఫీసులో వెంటపడతారు. డబ్బు ఊరటకు, ప్రాణానికి సంబంధం ఉందనడానికి బయట కూడా ఆధారముంది. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు నగదు బదిలీ చేసిన చోట ఆత్మహత్యలు 18 శాతం దాకా తగ్గాయని 2019లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. మన దగ్గర అలాంటి నగదు సాయం ఉంది, కౌలు రైతు ఇంటికి చేరడం లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 29వ సెక్షను ఆత్మహత్యల నివారణకు కార్యక్రమాలు చేపట్టే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. 2022 నవంబరు జాతీయ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్యల మరణాలను 10 శాతం తగ్గించాలంది. వీటి అమలును ఆరోగ్య శాఖకు వదిలేసి రెవెన్యూ, వ్యవసాయ శాఖలు, బ్యాంకర్ల సమితి తమకు సంబంధం లేనట్టు కూర్చుంటున్నాయి.

రైతు సంఘాల డిమాండ్లలో ముందున్నవి నాలుగు: ఆంధ్రప్రదేశ్‌లో సీసీఆర్సీకి యజమాని సంతకం తీసేయడం, తెలంగాణలో 2011 చట్టం కింద కార్డులు మళ్లీ ఇవ్వడం, రైతుబీమాను కౌలుదారులకు విస్తరించడం, పత్రం లేని కౌలును త్రిసభ్య కమిటీ గ్రామస్తుల వాంగ్మూలంతో ఒప్పుకోవడం. మొదటి రెండింటికి తేదీ కూడా ముఖ్యం. కార్డు ఏప్రిల్, మే నెలల్లోనే చేతికి రావాలి. విత్తనానికి, ముందస్తు కౌలుకు అప్పు తెచ్చేది అప్పుడే. ఆగస్టులో వచ్చిన కార్డు ఆ ఏడాది ఏ బ్యాంకులోనూ పనికిరాదు.