ఖాళీ వదిలితే సున్నా: ఏఐకి ‘తెలియదు’ అనడం ఎందుకు రాదు

దేవరకొండ దగ్గరున్న మా ఊరి చెరువు ఎవరు తవ్వించారని మొన్న మా మేనల్లుడు ఫోన్‌లో ఏఐని అడిగాడు. ఒక రాజు పేరు, ఒక సంవత్సరం టక్కున వచ్చేశాయి. మళ్లీ అడిగితే ఇంకో రాజు, ఇంకో సంవత్సరం. రెండుసార్లూ తడబాటు మాత్రం లేదు. పక్కనే మంచంలో కూర్చున్న మా పెద్దనాయన "నాకెరుక లేదు బిడ్డా, మా తాత నాటికే ఉండెనట" అన్నాడు.

ఆయన అంత తేలిగ్గా అన్న మాట ఏఐకి ఎందుకు రాదో తెలియాలంటే 1948 దాకా వెళ్లాలి. ఇంగ్లిష్‌లో ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టవచ్చని ఆ ఏడాది అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ చూపించాడు. ఇప్పటి ఏఐ మోడళ్ల పునాది అదే. "ఈ చెరువును తవ్వించింది" అన్నాక ఒక పేరు రావాలి. పుస్తకాల్లో వందసార్లు ఉన్న పేరైతే సరిగ్గానే వస్తుంది. ఎక్కడా రాసిలేని మా ఊరి చెరువుకైతే, రాజు పేరులా వినిపించేదేదో వచ్చి కూర్చుంటుంది.

అలాగని లోపల అనుమానమే ఉండదనుకుంటే పొరపాటు. తన జీపీటీ-4 మోడల్ మీద 2023లో చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ ఇచ్చిన నివేదికలో ఒక గ్రాఫు ఉంది. తొలి దశ శిక్షణ అయ్యాక, మోడల్ ఎంత నమ్మకంతో జవాబిచ్చిందో దాదాపు అంత శాతం సరైనవే. మనుషులకు నచ్చేలా మాట్లాడే శిక్షణ కూడా అయ్యాక చూస్తే ఆ పొంతన తగ్గింది. మన దగ్గర బోరు పాయింట్లు చూసేవాళ్ల సంగతీ ఇంతే కదా. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడగానే "రెండొందల ఫీట్లకు రెండించుల నీళ్లు" అనేవాడినే పిలుస్తాం. "ఏమో అన్నా, చెప్పలేం" అనేవాడికి రెండో పొలం దొరకదు.

ఇక పరీక్షల సంగతి. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు. నల్గొండ కోచింగ్ సెంటర్లలో చెప్పేదొకటే: చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒక ఆప్షన్ నొక్కేయండి. అదే బైపీసీ పిల్ల నీట్‌లో తప్పుకో మార్కు పోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఏఐకి పెట్టే పరీక్షలు చాలావరకు ఎప్‌సెట్ రకమేనని 2025 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐకి చెందిన ఆడమ్ కలాయ్, జార్జియా టెక్ ఆచార్యుడు సంతోష్ వెంపల తదితరుల పత్రం తేల్చింది. సింపుల్‌క్యూఏ అనే పరీక్షలో ఓపెన్‌ఏఐ పాత మోడల్ ఓ4-మినీ 24 శాతం ఒప్పులు, 75 శాతం తప్పులు చెప్పింది. తెలియదన్నది 1 శాతమే. దాని తర్వాత వచ్చిన జీపీటీ-5 థింకింగ్ మినీ 22 శాతం ఒప్పు, 26 శాతం తప్పు, మిగతా 52 శాతానికి చేతులెత్తేసింది. ఒప్పులే లెక్కేసే ర్యాంకుల పట్టికలో మరి పాతదే పైన!

తప్పులకు మార్కులు కోయాలన్నది ఆ పత్రం సూచన. ఇదంతా చెప్పి, తెలియకపోతే తెలియదనే ఏఐ వస్తే మంచిదే కదరా అన్నాను మేనల్లుడితో.

"తెల్వదని చెప్పేటందుకు ఫోనెందుకు మామా, తాత ఉన్నడు గదా" అన్నాడు.