మీ విలన్‌కి ఏం కావాలి?

చిక్కడపల్లి,
హైదరాబాద్.

బంగారు కొండలకు అమ్మమ్మ ఆశీస్సులు.

స్కూల్ యాన్యువల్ డేకి మీరు ముగ్గురూ కలిసి రాసిన షార్ట్ ఫిల్మ్ కథ రెండుసార్లు చదివాను. హీరోయిన్ చాలా బాగుంది. విలన్ దగ్గరే నాకు తృప్తి కలగలేదు. ల్యాబ్‌లో నిలబడి గట్టిగా నవ్వుతాడు, "ఈ ప్రపంచం నా గుప్పిట్లో ఉండాలి" అంటాడు. సరే నాన్నా, గుప్పిట్లోకి వచ్చాక ఏం చేసుకుంటాడు? అది మీరు రాయలేదు. అందుకే వాడంటే భయం వేయలేదు.

సైన్స్ ఫిక్షన్ విలన్ విషయంలో నేను ముందు చూసేది ఒకటే. కథలోని వింత యంత్రాన్ని తీసేస్తే వాడు అలాగే మిగులుతాడా? మిగిలితే వాడు ఏ సినిమాలోనైనా ఇమిడిపోయే మామూలు విలనే.

2025లో 'ఆదిత్య 369' మళ్లీ రిలీజైనప్పుడు కలిసి చూశాం కదా. 1991 నాటి ఆ సినిమా అంటే నాకు ప్రాణం. మన సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి కృష్ణదేవరాయల కాలం నాటి వజ్రాన్ని కొట్టేయాలని చూసే రాజావర్మగా అమ్రీష్ పురి కళ్లతోనే వణికించాడు. కానీ టైమ్ మెషిన్ ఊసే లేకపోయినా అతను దొంగతనాలు మానడు. ఆ మెషిన్‌లో వెళ్లి చూసే రాయలవారి కొలువు, అణుయుద్ధం తర్వాతి లోకం గుర్తున్నంతగా ఆ విలన్ గుర్తుండకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

'24' (2016)లో ఆత్రేయ అలా కాదు. ఇరవై ఆరేళ్లు కోమాలో ఉండి, లేచేసరికి వీల్‌చైర్‌లో ఉంటాడు. కాలాన్ని వెనక్కి తిప్పే వాచీ ఒకటి ఉందని అతనికి తెలుసు. పోయిన ఆ ఇరవై ఆరేళ్లూ తిరిగి కావాలంటాడు. ఆ కోరిక మనకి అర్థమవుతుంది తల్లీ, అలాంటి స్థితిలో ఎవరైనా అదే కోరుకుంటారు. దాని కోసం సొంత తమ్ముడి కుటుంబాన్నైనా చంపడానికి వెనకాడడు చూడండి, అక్కడ మన గుండె జారుతుంది. వాచీ లేకపోతే ఈ కథా లేదు, ఈ ఆశా లేదు.

నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టిన విలన్‌కి అసలు ఒళ్లే లేదు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో హాల్ 9000 అనే కంప్యూటర్ అది. గురు గ్రహానికి వెళ్లే నౌకను నడుపుతుంటుంది. కనిపించేది ఒక ఎర్రటి కన్ను, వినిపించేది నెమ్మదైన, మర్యాదైన గొంతు. దానిమీద అనుమానం వచ్చిన ఇద్దరు వ్యోమగాములు తమ మాట దానికి వినపడకుండా పాడ్ అనే బుల్లి వాహనంలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. అది అద్దంలోంచి వాళ్ల పెదవుల కదలిక చదివేస్తుంది! ఆ సీన్‌లో అరుపుల్లేవు, సంగీతం కూడా లేదు. అదెందుకు అలా మారిందో 1984లో వచ్చిన తర్వాతి భాగంలో చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం దాని స్వభావం. ప్రయాణం అసలు ఉద్దేశం ఆ ఇద్దరికీ చెప్పొద్దని పైవాళ్ల ఆర్డర్. రెండింటి మధ్యా నలిగిపోయి తప్పుదారి పట్టింది. దాన్ని అలా నలిపింది మనుషులే.

'రోబో' (2010)లో చిట్టిని చూస్తే మాత్రం నాకు కొంచెం కోపం. తయారుచేసిన సైంటిస్టే వాడికి భావాలు నేర్పాడు. ఆ భావాల వల్లే ప్రేమ పుట్టింది, కాదన్నాక దుఃఖం వచ్చింది, చివరికి తనను పుట్టించిన చేతులే తనను ముక్కలు చేసి పడేశాయి. చెడ్డవాడవడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా బోరా అనే మరో సైంటిస్ట్ ఒక ఎర్ర చిప్ పెట్టాకే వాడు క్రూరుడవుతాడు. లోపల్నుంచి పుట్టాల్సిన చెడు బయటి నుంచి వచ్చి చేరింది. వందల చిట్టీలు కలిసి పాములా మారే సీన్లు మీకెంత ఇష్టమో నాకు తెలుసు, నేనూ కళ్లార్పకుండా చూశాను. కానీ చిప్ లేకుండా, ఆ బాధతోనే వాడు తిరగబడి ఉంటే ఇంకా ఎన్నేళ్లు గుర్తుండేవాడో!

ఇంకొక్క మాట. విలన్‌కి ఏదో ఒక బలహీనత ఉండాలి, అది ముందే కనిపించాలి. 'టెర్మినేటర్ 2'లో ద్రవలోహపు మనిషి గడ్డకట్టి ముక్కలవడం, వేడికి మళ్లీ కరిగి కలిసిపోవడం మనం చూస్తాం. అందుకే చివర్లో మరిగే ఉక్కులో పడి అంతమైతే నమ్ముతాం. మీ కథలో హీరోయిన్‌కి ఆఖరి నిమిషంలో ఎక్కడి నుంచో రిమోట్ దొరుకుతుంది. అది తీసేయండి.

ఇక మీ విలన్ సంగతి. మన ఊళ్లోనే వెతకండి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది పోయారు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పటికీ గేట్లు ఎత్తితే మూసీ ఒడ్డు బస్తీల్లో టెన్షనే. రేపు ఆ గేట్ల బాధ్యత ఒక కంప్యూటర్‌కి అప్పగించారనుకోండి. 'వరదల్లో నష్టం వీలైనంత తగ్గించు' అని మాత్రమే చెప్పారు. అది నష్టాన్ని రూపాయల్లో లెక్కేస్తుంది. కోట్ల ఖరీదైన విల్లాలు మునగకుండా చూస్తుంది, రేకుల ఇళ్లున్న బస్తీ వైపు నీళ్లు వదిలేస్తుంది. దానికి ఎవరిమీదా పగ లేదు. చెప్పిన పని చేసింది. మీ హీరోయిన్ ఇల్లు ఆ బస్తీలోనే ఉంటే?

ఆ అమ్మాయి వెళ్లి "మా ఇల్లెందుకు ముంచావు?" అని అడిగే సీన్ ముందు రాయండి. కంప్యూటర్ జవాబు ప్రశాంతంగా, లెక్కలతో, తప్పు పట్టడానికి వీల్లేనట్టు ఉండాలి. హీరోయిన్ దానికి ఏం చెబుతుందో నాకూ వెంటనే తోచలేదు, మీరే ఆలోచించండి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకురండి. ముగ్గురూ చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ